ఇంజిన్‌కీ ఉక్కపోత

*మైలేజీ పడిపోతే పెట్రోలును తిడతాం, పికప్ తగ్గితే ఎయిర్ ఫిల్టర్ మారుస్తాం. ఇంజిన్ అడుగున చేరిన ఆవిరి ఎటు పోతోందన్నది మాత్రం ఎవరూ అడగరు.*

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ కారు బేరం ఎలా తెగుతుందో చూడాలంటే, ఎత్తిన బానెట్ పక్కన నిలబడాలి. అమ్మేవాడు రంగు చూపిస్తాడు, టైర్లు చూపిస్తాడు, ఏసీ వేసి చల్లదనం చూడమంటాడు. కొనడానికొచ్చినాయన వెంట తెచ్చుకున్న మెకానిక్ ఇవేవీ పట్టించుకోడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, అది నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, ఆ నోటి మీద అరచెయ్యి ఆనిస్తాడు. తర్వాత డిప్‌స్టిక్‌ను బెత్తెడు పైకి లాగి, గొట్టంలోంచి పొగ వస్తోందేమోనని వంగి చూస్తాడు. "బ్యాక్ కంప్రెషన్ కొడుతోందండీ, రింగులు పోయినట్టున్నాయి" అంటాడు. ఆ ఒక్క మాటతో అమ్మేవాడి గొంతు తగ్గుతుంది. ధర వేలల్లో దిగుతుంది, లేదంటే కొనేవాళ్లు మరో కారు దగ్గరికి నడుస్తారు.

ఆ అరచెయ్యి చెప్పేది అబద్ధం కాదు. కానీ సగమే చెబుతుంది. వంటింట్లో పొగ నిండితే కట్టెలు పచ్చివైనా అయ్యుండాలి, పొగగొట్టం మూసుకుపోయైనా ఉండాలి. ఇంజిన్ విషయంలోనూ అంతే. రింగులు అరిగి పొగ ఎక్కువగా కిందికి దిగుతూ ఉండొచ్చు. లేదా మామూలుగా దిగే పొగే, బయటికి పోయే దారి పూడుకుపోయి లోపల కుక్కుకుపోయి ఉండొచ్చు. మొదటిది ఇంజిన్ విప్పదీసే పని. రెండోది చాలా కార్లలో చూపుడువేలంత వాల్వూ, జానెడు రబ్బరు పైపూ మార్చే పని. చేతికి తగిలే గాలి మాత్రం రెంటిలోనూ ఒకటే. ఈ తేడా తెలియక మంచి ఇంజిన్లు బోరు పనికి వెళుతున్నాయి. అంతకంటే ఎక్కువగా, ఏళ్ల తరబడి ఉక్కపోతలో నడిచి నిజంగానే చెడిపోతున్నాయి.

మైలేజీ మాటల్లో లేని పేరు

2025లో దేశమంతా మైలేజీ గురించే మాట్లాడుకుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని, ముందనుకున్న 2030 కంటే అయిదేళ్ల ముందే చేరామని కేంద్రం ప్రకటించింది. ఆ సంతోషం కంటే వాహనదారుల సణుగుడే గట్టిగా వినిపించింది. సణగడానికి కారణం లేకపోలేదు. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 చిల్లరే. అయిదో వంతు ఇథనాల్ కలిస్తే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుందని కాగితం మీద లెక్క వేసినా తెలుస్తుంది. పాత తరహా కార్లకు నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక చెప్పింది కూడా ఆరు, ఏడు శాతమే. ఇథనాల్‌కు అనువుగా తయారైన వాటిలో తగ్గుదల ఒకటి, రెండు శాతానికి మించదంది.

మరి పది, పదిహేను శాతం పడిపోయిందని మొత్తుకునేవాళ్ల మాటో? కొందరిది కొలతలో పొరపాటు, కొందరిది కోపం. మిగిలినవాళ్ల కారులో మాత్రం ఇంధనానికి తోడు మరో లోపం ఉండి తీరాలి. టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు, మసకబారిన ప్లగ్గులు... ఇలా అనుమానితుల జాబితా పొడవుగానే ఉంటుంది. అందులో దాదాపు ఎప్పుడూ కనిపించని పేరు క్రాంక్‌కేస్ వెంటిలేషన్. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గదిలో, అంటే క్రాంక్‌కేస్‌లో, చేరే పొగను బయటికి పంపే ఏర్పాటిది. మన షెడ్లలో పిలిచే పేరు బ్రీదర్, కొత్త కార్ల భాషలో పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్). ఇది మైలేజీని పెంచే యంత్రం కాదు. అలా అని అమ్మజూపేవాళ్లను నమ్మక్కర్లేదు. ఇది పనిచేస్తున్నంత కాలం ఏమీ ఇచ్చినట్టుండదు. పాడైతే మాత్రం నాలుగు వైపుల నుంచి తీసుకుపోతుంది.

రింగుల సందుల్లోంచి

సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ ఒత్తిడి కిందికి జారకుండా పట్టుకుంటాయి. కానీ రింగు అంటే మూసి ఉన్న గాజు కాదు. వేడికి సాగడానికి వీలుగా దాని రెండు కొసల మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదలాల్సిందే. ఆ ఖాళీలోంచి షోరూం నుంచి నిన్న దిగిన కారులో కూడా కొంత వాయువు కిందికి దిగుతుంది. ఇంజినీర్లు దీన్నే బ్లోబై అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో అది పీల్చిన గాలిలో ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఒక శాతమేగా అనిపిస్తుంది. 1.2 లీటర్ల ఇంజిన్ 2000 ఆర్‌పీఎంతో పూర్తి బరువు లాగుతుంటే నిమిషానికి ఇంచుమించు 1200 లీటర్ల గాలి పీలుస్తుంది. అందులో ఒక శాతమంటే నిమిషానికి 12 లీటర్లు. అయిదు నిమిషాల్లో మూడు నీళ్ల టిన్నులు నిండేంత వాయువు, నాలుగు లీటర్ల ఆయిల్ ఉండే చాంబర్‌లోకి చేరుతుందన్నమాట. దానికి దారి చూపించకపోతే ఎక్కడో ఒకచోట అదే దారి చేసుకుంటుంది.

పోనీ అది ఉట్టి గాలి అయినా బాగుండేది. సగం కాలిన పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు, అన్నిటికీ మించి నీటి ఆవిరి అందులో ఉంటాయి. ఇంజిన్ వేడెక్కి ఉంటే ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. చల్లగా ఉంటే టాపెట్ కవర్ లోపలి గోడలకు చెమటలా పట్టి ఆయిల్‌లోకి జారుతుంది. ఇల్లూ బడీ కిలోమీటరున్నర దూరం, మధ్యలో కూరగాయల కొట్టు, ఇంతే తిరిగే కారు ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మజ్జిగ కవ్వానికి అంటుకున్న నురగలాంటిది కనిపిస్తుంది. హెడ్ గాస్కెట్ పోయిందేమోనని హడలిపోతారు. ఎక్కువసార్లు అది తేమే. "తక్కువ తిరిగిన కారండీ, ఒకే చేతిలో ఉంది" అనే మాటను మనం మెచ్చుకోలుగా వింటాం గానీ, ఇంజిన్ దృష్టిలో హైవే మీద రోజూ వంద కిలోమీటర్లు తిరిగిన కారే హాయిగా ఉన్న కారు.

> లీటరుకు లీటరు నీళ్లు
>
> ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టే ఈ వింత. చలికాలం పొద్దున్నే సైలెన్సర్ నుంచి కారే చుక్కలు ఈ నీళ్లే. ఇందులో ఒక శాతం రింగులు దాటినా లీటరు పెట్రోలుకు రెండు చెంచాల నీరు ఆయిల్ దగ్గరికి చేరినట్టు.

ఒక నగరం కళ్లు మండాక

ఈ పొగను బయటికి పంపే మొదటి ఏర్పాటు మహా సాదాసీదాది. ఇంజిన్ నుంచి రోడ్డు వైపు ఒక గొట్టం వేలాడేది. కారు ముందుకు పోతుంటే కింద వీచే గాలి ఆ గొట్టంలోని పొగను లాగేసేది. కారు ఆగితే లాగడమూ ఆగేది. అంటే పొగ బయటికి పోవాల్సిన అవసరం ఎక్కువగా ఉండే నగరపు ట్రాఫిక్‌లోనే అది పనిచేసేది కాదు. అరవై ఏళ్ల కిందటి కార్ల అడుగున నల్లటి బురద అంత మందాన పేరుకోవడానికి ఇదొక కారణం. రెండో ప్రపంచ యుద్ధంలో వాగులు దాటాల్సిన సైనిక వాహనాలకు ఈ గొట్టం పనికిరాలేదు, నీళ్లు ఎక్కుతాయి. అందుకని వాటిలో పొగను మళ్లీ ఇంజిన్ నోటికే అందించే మూసిన ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిశాక మామూలు కార్లకు ఆ పద్ధతి పెట్టాలని ఎవరూ తొందరపడలేదు.

తొందర పెట్టింది లాస్ ఏంజెలిస్ పొగమంచు. 1943 జులైలో ఒక రోజు నగరం కళ్లు మండి, గొంతులు గీరుకుపోతే జనం జపాన్ విషవాయువు వదిలిందేమోనని బెదిరారు. కృత్రిమ రబ్బరు కోసం నడిచే ఒక కర్మాగారాన్ని అనుమానించి మూయించారు. పొగమంచు పోలేదు. గుట్టు విప్పిన మనిషికి కార్లతో ఏ సంబంధమూ లేదు. నెదర్లాండ్స్ నుంచి వచ్చి కాల్‌టెక్‌లో పనిచేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనాస పండు సువాసన ఎక్కడి నుంచి వస్తుందో తేల్చే పనిలో ఉండేవాడు. అదే నైపుణ్యాన్ని ఊరి గాలి మీదికి తిప్పి, మండని పెట్రోలు ఆవిరీ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఈ మంటను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో చూపించాడు. కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు దోషులని తేలింది. అప్పటికీ అందరి కళ్లూ సైలెన్సర్ మీదే. ఆ దశాబ్దం చివరికి గానీ తెలియలేదు, కారు వదిలే హైడ్రోకార్బన్లలో దాదాపు అయిదో వంతు ఆ రోడ్డు గొట్టం నుంచే వస్తోందని.

కాలిఫోర్నియాలో 1961 మోడళ్ల నుంచి, అమెరికా అంతటా 1963 మోడళ్ల నుంచి కొత్త కార్లకు పీసీవీ వచ్చింది. ఈ ఆలస్యం అమాయకమైనది కాదని ప్రభుత్వం తర్వాత ఆరోపించింది. కాలుష్య నివారణ పరికరాలను ఎవరూ ముందుగా పెట్టకుండా కంపెనీలు కూడబలుక్కున్నాయంటూ 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. అదే ఏడాది అది రాజీతో ముగిసింది. విచిత్రమేమిటంటే, ఊరి గాలి కోసం కంపెనీలు అయిష్టంగా పెట్టిన ఈ వాల్వు కారు యజమానికే మేలు చేసింది. ఆయిల్‌లో బురద తగ్గింది, బయటికి పోయే పెట్రోలు ఆవిరి ఇంజిన్‌లోకే తిరిగొచ్చి మండింది. హాగెన్-స్మిట్ 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకు తొలి అధ్యక్షుడయ్యాడు.

స్ప్రింగు, గుండు, టకటక

పీసీవీ వాల్వులో ఉండేది ఒక చిన్న లోహపు ముక్క, ఒక స్ప్రింగు. అంతే. కారు ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో పీల్పు చాలా ఎక్కువ, కిందికి దిగే పొగ తక్కువ. ఆ పీల్పుకు ముక్క ముందుకు జరిగి దారిని ఇరుకు చేస్తుంది. హైవే మీద పీల్పు తగ్గి పొగ పెరుగుతుంది, స్ప్రింగు వెనక్కి నెట్టి దారి వెడల్పవుతుంది. ఇన్‌టేక్‌లో ఎదురు మంట లేస్తే ముక్క దారిని పూర్తిగా మూసి, మంటను ఆయిల్ దగ్గరికి పోనివ్వదు. మరోవైపు ఎయిర్ ఫిల్టర్ నుంచి మంచి గాలి ఇంకో పైపు ద్వారా లోపలికి వచ్చి ఆవిరిని కడుక్కుపోతుంది. ఎలక్ట్రానిక్స్ లేని ఈ ఏర్పాటు అరవై ఏళ్లుగా పెద్దగా మారలేదంటే దాని తెలివి అలాంటిది.

అది పూడుకుపోతే ఏమవుతుంది? చాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ చెమర్చడం మొదలవుతుంది. క్రాంక్ ఆయిల్ సీల్ కారుతుంది. మెకానిక్ సీల్ మారుస్తాడు, ఆరునెలలకు మళ్లీ కారుతుంది, కంపెనీ సీల్ కాదని తిట్టుకుంటారు. తప్పు సీల్‌ది కాదు, దాన్ని లోపలి నుంచి తోస్తున్న ఒత్తిడిది. ఇదిలా ఉండగా బయటికి పోలేని ఆయిల్ తుంపర మంచి గాలి పైపులోంచి ఎదురెక్కి ఎయిర్ ఫిల్టర్‌ను తడిపేస్తుంది, మండే గదిలోకి చేరుతుంది. ఆయిల్ కలిసిన పెట్రోలుకు నాకింగ్‌ను (పెట్రోలు అదుపు తప్పి తనంతట తనే మండడాన్ని) తట్టుకునే గుణం తగ్గుతుంది. నాక్ సెన్సర్ అది పసిగట్టి మంట వెలిగే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. డ్రైవర్‌కు తెలిసేది ఒకటే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కారు మునుపటిలా లాగడం లేదు. కాలు మరికాస్త నొక్కుతాడు. మైలేజీ పోయేది అక్కడ.

నెమ్మదిగా జరిగే నష్టం ఇంకా పెద్దది. తేమ, సగం కాలిన పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు వేడి ఆయిల్‌తో నెలల తరబడి కలిసి ఉంటే అది జిగురుగా, తర్వాత నల్లటి హల్వాలా మారుతుంది. ఆయిల్ పంపు జాలి మూసుకుంటుంది. ఇప్పటి ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు సన్నటి దారుల్లో పారే ఆయిల్ ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. ఆ దారుల్లో జిగురు చేరితే సమయం తప్పుతుంది, పికప్పూ మైలేజీ రెండూ పోతాయి. క్యాబ్ నడుపుకునే మనిషికి ఇది రోజువారీ కూలిలో కోత. నెలకు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేవాడికి లీటరుకు 20 వచ్చే చోట 19 వస్తే పది లీటర్లకు పైగా అదనంగా పోయాలి. అతని లెక్కల పుస్తకంలో దానికి పేరుండదు, "పెట్రోలు ఖర్చు" అనే ఉంటుంది.

వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే, లేదా దాని పైపు చిట్లితే కథ వేరు. ఇంజిన్ లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. గాలి బరువును నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో మిశ్రమం పలచబడి, ఇంజిన్ మిస్సవుతూ, చెక్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0171 అనే కోడు కనబడుతుంది. చాలా చిన్న కార్లలో ఉన్నట్టు ఇన్‌టేక్ ఒత్తిడిని కొలిచే సెన్సరైతే, గాలి పెరిగిందనుకుని ఇంజిన్ తనంతట తనే పెట్రోలు పెంచుతుంది. లైటు వెలగదు, కోడు రాదు, ఐడ్లింగ్ మాత్రం పెరిగి ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పోయే ఈ పెట్రోలును ఏ స్కానరూ పట్టివ్వదు.

> పేపరు ముక్క పరీక్ష
>
> పెట్రోలు కారును బాగా వేడెక్కనిచ్చి, ఐడ్లింగ్‌లో ఉంచి, ఆయిల్ మూత తీసి ఆ నోటి మీద పల్చటి కాగితం ముక్క పెట్టండి. నెమ్మదిగా అతుక్కుంటే వెంటిలేషన్ పనిచేస్తున్నట్టే. ఎగిరిపడితే ముందు పీసీవీ వాల్వూ పైపులూ చూడాలి, అవి బాగుంటేనే రింగుల మాట. మూత తీయడానికే రానంత గట్టిగా పీలుస్తుంటే కొన్ని ఇంజిన్లలో పీసీవీ లోపల ఉండే రబ్బరు పొర చినిగిందేమో అనుమానించాలి. ముక్క లోపల పడకుండా కొసను వేలితో పట్టుకోండి. పాత డీజిల్ ఇంజిన్లు కొంత ఊదడం మామూలే.

ఎంగిలి గాలి ఎందుకు?

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక అభ్యంతరం చెబుతాడు. ఆయిల్ తుంపర కలిసిన మురికి పొగను మళ్లీ ఇంజిన్‌తో పీల్పించడమేమిటి, ఆ గొట్టం తీసి గాలిలోకి వదిలేస్తే ఇంజిన్‌కు శుభ్రమైన గాలి అందదా? రేసు కార్లు చేసేది అదే కదా? ఇందులో కొంత నిజముంది. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చల్లే కొత్త ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు. కడిగేది లేక, బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ అక్కడ కాలి నల్లటి పొరలుగా గట్టిపడుతుంది. ఇది ఊహ కాదు, ఆ తరహా ఇంజిన్ల అసలైన బలహీనత. ఇక రేసు ఇంజిన్లలో పంపులు పెట్టి క్రాంక్‌కేస్ నుంచి గాలి తోడేస్తారు. లోపల గాలి పలచబడితే రింగులు గట్టిగా పట్టుకుంటాయి, గిరగిరా తిరిగే క్రాంక్‌కు ఎదురు గాలి తగ్గుతుంది, కొంత పవర్ పెరుగుతుంది.

కానీ ఆ ఉదాహరణను చివరిదాకా చదివితే అది గొట్టం ఊడదీసేవాడికి వ్యతిరేకంగానే నిలుస్తుంది. రేసు ఇంజిన్ పొగను ఊరికే వదిలేయడం లేదు, పనిగట్టుకుని తోడుతోంది. పీసీవీ మామూలు కారులో చిన్న స్థాయిలో చేసేది ఆ పనే. గొట్టం ఊడదీసి వేలాడేస్తే ఆ తోడే శక్తి పోయి 1960కి ముందటి స్థితికి వెళతాం. పీల్చే గాలిలో ఒక శాతమో అంతకు తక్కువో ఉండే ఈ పొగకు ఇంజిన్ కంప్యూటర్ ముందే లెక్క కట్టి ఉంటుంది, దాన్ని తీసేసినంత మాత్రాన పవర్ పుట్టదు. పైగా మన దేశంలోనూ భారత్ స్టేజ్ ప్రమాణాల కింద కొత్త మోడల్‌కు అనుమతి ఇచ్చే పరీక్షల్లో, క్రాంక్‌కేస్ పొగ గాలిలోకి వెళ్లకూడదన్నది ఒక షరతు.

మైలేజీ పెంచుతుందంటూ అమ్మే క్యాచ్ క్యాన్ల మీద కూడా ఇదే తూకం వేయాలి. బ్రీదర్ దారిలో డబ్బా పెట్టి ఆయిల్‌ను పట్టి ఉంచడం నేరుగా పెట్రోలు చల్లే ఇంజిన్లకు, టర్బోలకు మేలు చేసే ఆలోచనే. మైలేజీ మాత్రం దానివల్ల పెరగదు. డబ్బా నిండినా ఖాళీ చేయడం మరిచిపోతే ఇది కొత్త అడ్డంకి. వారంటీ మాట సరేసరి.

డీజిల్ దారి వేరు

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు ఇంజిన్‌లా గాలిని బిగించే థ్రాటిల్ అవసరం లేదు, కాబట్టి ఇన్‌టేక్‌లో ఆ పీల్పూ ఉండదు. అందుకే చాలా కాలం డీజిల్ బ్రీదర్లు రోడ్డు మీదికే తెరిచి ఉండేవి. పాత జీపులు, వ్యాన్లు ఆగినచోట నల్లటి చుక్కలు పడేది అందుకే. ఇప్పుడు ఆయిల్‌ను వేరుచేసే గదినీ ఒత్తిడిని అదుపు చేసే రబ్బరు పొరనూ పెట్టి టర్బో ముందుకు కలుపుతున్నారు. ఆ పొర చినిగినా, రింగులు బాగా అరిగినా టర్బో ఆయిల్‌ను కూడా లాగేసుకుంటుంది, అది టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో మడుగు కడుతుంది.

> తాళం తీసినా ఆగని ఇంజిన్
>
> డీజిల్ ఇంజిన్‌కు తన ఆయిలూ ఇంధనమే. ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ ఒక్కసారిగా లోపలికి పోతే ఇంజిన్ దానితోనే మండుతూ వేగం పెంచుకుంటుంది. తాళం తీసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ను మాత్రమే. గాలి దారి మూయడం, లేదా బ్రేకు గట్టిగా తొక్కి టాప్ గేరులో క్లచ్ వదలడం తప్ప మార్గం లేదు.

గొట్టం కొసన గుచ్చే పుల్ల

చిన్న వాల్వే కదా, మార్చేస్తే పోలేదా అనడం కూడా ఇప్పుడు అంత తేలిక కాదు. కొన్ని కొత్త ఇంజిన్లలో పీసీవీ టాపెట్ కవర్‌లోనే కలిసిపోయి ఉంటుంది. లోపలి రబ్బరు పొర చినిగితే మొత్తం కవర్ మార్చమంటారు, కొన్ని వందలతో పోయేది వేలకు చేరుతుంది. చాలా సర్వీసు పట్టికల్లో దీనికంటూ ఒక గడి ఉండదు. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు ఆయిల్ ఎన్నోసార్లు మారి ఉంటుంది, ఆ ఆయిల్‌ను కాపాడాల్సిన వాల్వును ఒక్కసారీ ఎవరూ పీకి చూసి ఉండరు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే బండి దగ్గరా ఇదే పరిస్థితి. పుల్లను సైలెన్సర్ గొట్టంలో గుచ్చుతారు, అంకెలు వస్తాయి, కాగితం చేతికొస్తుంది. బానెట్ కింద బ్రీదర్ పైపు ఊడి, మండని పెట్రోలు ఆవిరిని నేరుగా గాలిలోకి వదులుతున్నా ఆ యంత్రానికి తెలిసే వీలు లేదు. లాస్ ఏంజెలిస్ 1950లలో చేసిన పొరపాటే ఇది. అందరూ సైలెన్సర్ వైపే చూశారు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ గొడవే ఉండదు, నిజమే. కానీ వాటితోపాటే మన రోడ్ల మీదికి హైబ్రిడ్‌లు వస్తున్నాయి. వాటిలో ఇంజిన్ కాసేపు నడిచి ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది, ఊళ్లో తిరిగితే పూర్తిగా వేడెక్కే అవకాశమే తక్కువ. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నీటికి 100 డిగ్రీలు కావాలి, పెట్రోలులోని బరువైన భాగాలకు ఇంకా ఎక్కువ. ఆయిల్ అంత వేడెక్కకపోతే ఇవన్నీ చాంబర్‌లోనే ఉండిపోతాయి. ఆటోనగర్ మెకానిక్ రేపు ఒక హైబ్రిడ్ కారు ఆయిల్ మూత తీసినప్పుడు అరచేతికి గాలి తగలకపోవచ్చు, డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగా రాకపోవచ్చు. మూత వెనక్కి తిప్పి, ఆ మజ్జిగ నురగ ఉందో లేదో చూడాలి. ఉంటే ముందు పీసీవీని పీకి చెవి దగ్గర ఆడించాలి. బాగున్న వాల్వు టకటకమంటుంది.